టయోటా పికప్‌కి ముందు సాలిడ్ యాక్సిల్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

మాది ప్రొద్దుటూరు. నాన్న లారీ నడిపేవారు. కమాన్ పట్టీ విరిగిన ప్రతిసారీ షెడ్డులో లారీ పక్కన కూర్చుని మేస్త్రీ పని చూసేవాణ్ణి. ఇప్పుడు ఉండేది అమెరికాలో, అరిజోనా రాష్ట్రం చాండ్లర్‌లో. ఇక్కడ నా గరాజ్‌లో 1990 నాటి టయోటా పికప్ ఉంది. ఫోర్ వీల్ డ్రైవ్, 22ఆర్ఈ ఇంజిన్, ఐదు గేర్లు. దాని ముందు సస్పెన్షన్ మొత్తం తీసేసి సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) వేశాను. శనాదివారాలు మాత్రమే చేశాను కాబట్టి ఐదు నెలలు పట్టింది. ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి నేను ఏ వరసలో చేశానో, ఎక్కడ పొరపాటు పడ్డానో రాస్తున్నాను.

అమెరికాలో అమ్మిన టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌లకి 1979 నుంచి 1985 మోడల్ దాకా ముందు కూడా లారీకి ఉన్నట్టే అడ్డంగా ఒకే యాక్సిల్, దాని మీద కమాన్ కట్టలు ఉండేవి. 1986లో టార్షన్ బార్లతో, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ తెచ్చారు. రోడ్డు మీద అది మెత్తగా పోతుంది, అందులో సందేహం లేదు. పెద్ద రాళ్ళ మీదకి వెళ్ళినప్పుడే తేడా తెలుస్తుంది. అక్కడ చక్రం కిందికి దిగే దూరం తక్కువ. చక్రం లేచి దిగినప్పుడల్లా డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ కోణం మారుతుంది, రబ్బరు బూటు చిరుగుతుంది. సాలిడ్ యాక్సిల్‌లో ఒక చక్రం రాయెక్కితే రెండోది నేలకి నొక్కుకుంటుంది. లోపలి జాయింటు స్టీరింగ్ తిప్పినప్పుడే వంగుతుంది తప్ప, చక్రం లేచినందుకు వంగదు.

మీరు మట్టిరోడ్లు, ఇసుక వాగులు దాటడానికి మాత్రమే వాడతారా? అయితే ఈ పని పెట్టుకోకండి. ఉన్న సస్పెన్షన్‌కి కొత్త బుష్‌లు, మంచి షాకబ్జార్బర్లు వేసుకుంటే చాలు. నేను లేక్ ప్లెజెంట్ వైపు నుంచి క్రౌన్ కింగ్ అనే ఊరికి కొండదారిన ఎక్కాలనుకున్నాను. ఆ దారిలో రాతి మెట్లు ఉన్నాయి. అందుకే మార్చాను.

మొదటి పని యాక్సిల్ వెతకడం. 1979–85 టయోటా పికప్ యాక్సిల్ అయితే తిప్పలు తక్కువ. 1990 బండిలో ఇంజిన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి ముందుకొచ్చే షాఫ్ట్ కుడివైపు ఉంటుంది, ఈ యాక్సిల్‌లో ఆ షాఫ్ట్ వచ్చి చేరే డిఫరెన్షియల్ కూడా కుడివైపే. చక్రానికి ఆరు బోల్టులు, వాటి మధ్య దూరం కూడా సరిపోతుంది. తర్వాత వచ్చిన టకోమాలకి షాఫ్ట్ ఎడమవైపు మారింది. టకోమా ఉన్నవాళ్ళు ఈ యాక్సిల్ కొని ఇంటికి తెచ్చాక బాధపడకండి.

పాత యాక్సిల్ వెడల్పు తక్కువ. 1986 తర్వాతి వెనక యాక్సిల్‌తో పోలిస్తే మొత్తం మీద సుమారు 3 అంగుళాలు తేడా. నేను ముందు చక్రాలకి ఒక్కోవైపు ఒకటిన్నర అంగుళం స్పేసర్ వేసి సరిచేశాను. డిఫరెన్షియల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల నిష్పత్తి ముందూ వెనకా ఒకటే ఉండాలి. నాది 33 అంగుళాల టైర్ల కోసం రెండింటికీ 4.88. ఈ ఒక్కటి తప్పితే ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

కొనేముందు హౌసింగ్ వంకర ఉందేమో చూడండి. నాకు మొదట అమ్మినాయన "స్ట్రెయిట్‌గా ఉంది" అన్నాడు. ఇంటికొచ్చి రెండు చివరల మధ్య దారం లాగి చూస్తే ఎడమ ట్యూబ్ దగ్గర పావు అంగుళం సందు కనిపించింది. ఆ హౌసింగ్ పక్కన పెట్టి ఇంకొకటి కొన్నాను. దారం ఉండ జేబులో పెట్టుకుని వెళ్ళండి, అక్కడే చూసుకోండి.

యాక్సిల్ బండి కిందకి పోకముందే పూర్తిగా విప్పి కట్టండి. చక్రం తిరిగే గుండ్రటి భాగాన్ని ఇక్కడ నకుల్ అంటారు. దాని పైనా కిందా ఒక్కో బేరింగ్, వాటి మూతల కింద పల్చటి షిమ్ములు (సర్దుబాటు బిళ్ళలు) ఉంటాయి. పైషిమ్ములు పైకే, కిందివి కిందికే పోయేలా విడివిడి కవర్లలో పేరు రాసి పెట్టుకోండి. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగాక చేతికి ఏమీ అంటకూడదు. గ్రీజు పల్చగా, గేర్ ఆయిల్ వాసనతో వచ్చిందంటే లోపలి ఆయిల్ సీల్ పోయినట్టే. ఎలాగూ విప్పారు కాబట్టి సీల్ బాగున్నా కొత్తది వేసేయండి. కట్టేటప్పుడు మాలిబ్డినం ఉన్న గ్రీజు వాడండి, నకుల్‌లో ముప్పావు వంతు నింపండి.

బేరింగ్ బిగువు చూడటం నాకు చాలా ఇష్టమైన పని. చేపలు తూచే స్ప్రింగు కాటా ఒకటి కొన్నాను. ఫెల్ట్ సీళ్ళు వేయకముందు, షాఫ్ట్ లోపల లేకుండా, కాటా కొక్కేన్ని స్టీరింగ్ ఆర్మ్ చివరి రంధ్రానికి తగిలించి ఆర్మ్‌కి అడ్డంగా లాగాలి. నకుల్ కదలడం మొదలయ్యాక ముల్లు 3 నుంచి 6 కిలోల మధ్య ఉండాలి. నాకు ఎడమవైపు రెండు కిలోల దగ్గరే కదిలిపోయింది. అతి పల్చటి షిమ్ము ఒకటి తీసి మళ్ళీ నట్లు బిగిస్తే నాలుగున్నర దగ్గర నిలిచింది. షిమ్ము తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. చేత్తో ఊపి "సరిపోయిందిలే" అనుకునే చోటు కాదిది. స్టీరింగ్ వణకడానికి సగం కారణాలు ఇక్కడే ఉంటాయి. హబ్ బేరింగ్ నట్టుకి 54 మిల్లీమీటర్ల సాకెట్ కావాలి, ముందే తెప్పించుకోండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టొద్దు.

ఇక బండి. గ్రైండర్ ముట్టుకోకముందు కొలతలు. బండి తన చక్రాల మీద, చదునైన నేల మీద ఉండగానే పాత చక్రం మధ్య బిందువు ఫ్రేమ్ మీద ఎక్కడికొస్తుందో గుర్తు పెట్టాలి. తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసే తూకం గుండు వేలాడదీసి, నేల మీద సుద్దముక్కతో గీశాను. ఫ్రేమ్ నుంచి నేలకి నాలుగు చోట్ల ఎత్తు, గేర్‌బాక్స్ క్రాస్‌మెంబర్ బోల్టు రంధ్రాల నుంచి చక్రం మధ్యకి దూరం, అన్నీ ఫొటోలు తీసి నోట్‌బుక్‌లో కూడా రాశాను. పాత బ్రాకెట్లు కోసేశాక ఈ కొలతలు మళ్ళీ దొరకవు.

విప్పేటప్పుడు మొదట టార్షన్ బార్ల అడ్జస్టింగ్ బోల్టులు పూర్తిగా వదులు చేయండి. మెలితిరిగిన ఉక్కు కడ్డీ అది. బిగువు తీయకుండా ఆర్మ్ విప్పితే చెయ్యి విరుగుతుంది. ఫ్రేమ్‌ని 6 టన్నుల స్టాండ్ల మీద, కేబిన్ కింద నిలబెట్టండి. జాకీ మీద వదిలి కిందకి దూరొద్దు. బ్యాటరీ తీసేయండి, పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో చూసి పక్కకి జరపండి. ఒక బకెట్ నీళ్ళు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉంచండి. గ్యాస్ కట్టర్‌తో బ్రాకెట్లని ఫ్రేమ్‌కి అర అంగుళం దూరంలో కోసి, మిగతాది గ్రైండర్‌తో మెల్లగా అరగదీయాలి. ఫ్రేమ్ రేకు మందం సుమారు 3 మిల్లీమీటర్లే. ఆత్రపడితే అందులోకి గాడి పడుతుంది. నాకు ఈ అరగదీసే పనికే మూడు వారాంతాలు పోయాయి.

కమాన్ కట్టల ముందు హ్యాంగర్ ఫ్రేమ్‌కి అడ్డంగా రెండు వైపులనీ కలిపే ముక్క. వెనక షాకిల్ (కమాన్ సాగినప్పుడు ఊగే లంకె) పైచివరకి ఫ్రేమ్ గుండా ట్యూబ్ వేయాలి. యాక్సిల్‌ని పాత చక్రం మధ్య కంటే ఒక అంగుళం ముందుకి పెట్టాను, టైరు తిప్పితే వెనక రేకుకి తగలకుండా. ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. ఎడమవైపు షాకిల్ ట్యూబ్ కొలత బాగా వచ్చిందనిపించి, కుడివైపు చూడకముందే పూర్తి వెల్డ్ పెట్టేశాను. తర్వాత ఐమూల కొలతలు తీస్తే ఎడమవైపు అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు ముందుకి ఉంది. అలా వదిలితే రెండువైపులా షాకిల్ కోణాలు ఒకేలా ఉండవు. రెండు సాయంత్రాలు కూర్చుని ఆ వెల్డ్ కోసి, ఫ్రేమ్ శుభ్రం చేసి మళ్ళీ పెట్టాను.

అందుకని అన్నిటికీ ముందు టాక్ మాత్రమే పెట్టండి, ఒక్కో ముక్కకి మూడు నాలుగు బొట్లు. ఇంజిన్, బంపర్, బ్యాటరీ అన్నీ బండిలో ఉండగా, స్టాండ్ల మీద నుంచి మెల్లగా దింపి బరువు చక్రాల మీద పడనివ్వండి. అప్పుడు ఐమూలలు మళ్ళీ కొలవండి. బరువు పడగానే కమాన్లు సాగుతాయి, షాకిల్ కోణం మారుతుంది. గాలిలో వేలాడుతున్నప్పుడు తీసిన కొలత పనికిరాదు.

యాక్సిల్ మీద కమాన్ కూర్చునే దిమ్మెలు వెల్డ్ చేసే ముందు క్యాస్టర్ చూడాలి. నకుల్ పైభాగం వెనక్కి ఎంత వాలిందన్నదే క్యాస్టర్. చక్రం తిన్నగా పెట్టి, నకుల్ పైమూత మీద డిజిటల్ కోణమాపకం ఉంచితే తెలుస్తుంది. నేను 4 డిగ్రీలు పెట్టాను. ఇక్కడో చిక్కుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిన్నగా రావాలని పినియన్‌ని పైకి తిప్పితే క్యాస్టర్ తగ్గిపోతుంది. రెండూ పూర్తిగా రావు. క్యాస్టర్ పోతే హైవే మీద స్టీరింగ్ తిన్నగా నిలవదు, గుంట తగిలితే ముందు చక్రాలు ఊగిపోతాయి. షాఫ్ట్ కోణం కొంచెం ఎక్కువైతే దాని జాయింట్‌లోని క్రాస్ త్వరగా అరుగుతుంది, అంతే. ముందు షాఫ్ట్ ఫోర్ వీల్ వేసినప్పుడే పని చేస్తుంది కదా. నేను క్యాస్టర్ వైపే నిలబడ్డాను.

స్టీరింగ్‌కి 1986 తర్వాతి బండిలో ఉన్న పాత బాక్సే పనికొస్తుంది. దాని ఆర్మ్ పక్కలకి ఊగుతుంది కాబట్టి, ఎడమనున్న బాక్స్ నుంచి కుడి నకుల్‌కి అడ్డంగా డ్రాగ్ లింక్ అనే రాడ్ వేయవచ్చు. బాక్స్‌ని మాత్రం ముందుకి జరపాలి. ఫ్రేమ్‌కి పావు అంగుళం ప్లేటు వెల్డ్ చేసి, బాక్స్ బోల్టులు పోయే చోట ఫ్రేమ్ లోపల స్టీలు స్లీవ్‌లు పెట్టండి. స్లీవ్ లేకుండా బిగిస్తే ఫ్రేమ్ రేకు నొక్కుకుపోతుంది, బోల్టు ఎప్పటికీ బిగువు నిలుపుకోదు. నకుళ్ళ పైన వేసే హై స్టీర్ ఆర్ములు కొనుక్కోండి. రెండు రాడ్లూ (డ్రాగ్ లింక్, రెండు నకుళ్ళనీ కలిపే టై రాడ్) కమాన్ల పైనుంచి పోతాయి, రాళ్ళకి తగలవు. రాడ్లకి పావు అంగుళం మందమున్న ట్యూబ్, చివరలకి ఎఫ్‌జే80 ల్యాండ్ క్రూజర్ బాల్ జాయింట్లు వాడాను. డ్రాగ్ లింక్ నేలకి ఎంత సమాంతరంగా ఉంటే అంత మంచిది. వాలు ఎక్కువైతే గుంట వచ్చినప్పుడల్లా స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంది.

ఈ దశలో కమాన్ కట్టల్లో మెయిన్ పట్టీ తప్ప మిగతావి తీసేసి, జాకీతో ఒకవైపు యాక్సిల్ పూర్తిగా ఎత్తి, రెండోవైపు పూర్తిగా దింపి, స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి చూడండి. నాకు కుడివైపు పైకెత్తినప్పుడు టై రాడ్ ఇంజిన్ ఆయిల్ పాన్‌కి వేలు మందం దూరంలోకి వచ్చింది. యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్‌ని ముప్పావు అంగుళం కిందికి దించాను. షాకబ్జార్బర్ల పొడవు, బ్రేకు గొట్టాల పొడవు కూడా ఇప్పుడే కొలవాలి. షాకబ్జార్బర్ల పైచివర బ్రాకెట్లుగా ఫోర్డ్ ఎఫ్-250 షాక్ టవర్లు చాలామంది వాడతారు, నేనూ అవే వేశాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎంత పొడవు కావాలో రెండు కొసల దగ్గరా చూసి, షాఫ్ట్ షాపులోనే పొడిగించి బ్యాలెన్స్ చేయించండి.

ఇవన్నీ కుదిరాకే పూర్తి వెల్డింగ్. నాకు మిగ్ వెల్డింగ్ వచ్చు. అయినా హ్యాంగర్లు, స్టీరింగ్ ప్లేటు మాత్రం సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌ని ఇంటికి పిలిపించి వేయించాను. హైవే మీద నా పిల్లలు ఆ బండిలో కూర్చుంటారు. మీకు అనుభవం లేకపోతే ఆ డబ్బు దగ్గర వెనకాడొద్దు. ఫ్రేమ్ మీద వెల్డ్ నిలువుగా, పైనుంచి కిందికి తిన్నగా పోకూడదు. అక్కడే పగులు మొదలవుతుంది. ప్లేటు చివరలు చేప తోకలా కోసి వేయించండి.

టో (ముందు చక్రాల ముందుకొసలు లోపలికి తిరిగే కొలత) లోపలికి పదహారో వంతు అంగుళం పెట్టి, బ్రేకుల్లో గాలి తీసి, మొదట మా వీధిలో, తర్వాత నలభై మైళ్ళ వేగంలో నడిపాను. క్రౌన్ కింగ్ దారి మాత్రం వెంటనే పట్టలేదు. నూరు మైళ్ళు తిరిగాక యు బోల్టులు, షాకిల్ బోల్టులు, నకుళ్ళ మీది ఆర్మ్ నట్లు టార్క్ రెంచితో మళ్ళీ చూశాను. కమాన్లు కూర్చున్నాక యు బోల్టులు వదులవడం మామూలే. కుడి ఆర్మ్ నట్లలో రెండు దాదాపు పావు చుట్టు తిరిగాయి. బిగించాక ప్రతి నట్టు మీద నుంచి ఆర్మ్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాను. ఇప్పుడు ప్రతి ట్రిప్ ముందు టార్చి వేసి ఆ గీతలు చూస్తాను. గీత తప్పిన నట్టు కనిపిస్తే ఆ రోజు బండి గరాజ్ దాటదు.