పెడిగ్రీ (వంశవృక్షం) నుంచి చుట్టరికం లెక్క – 3వ భాగం: టేబుల్ పద్ధతి

పోయిన భాగంలో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి బాణాలు గీసుకుని, రెండు జంతువుల్ని కలిపే దారులు లెక్కపెట్టాం కదా, అమెరికా జన్యుశాస్త్రవేత్త సూవల్ రైట్ 1922లో ఇచ్చిన పద్ధతి అది, చిన్న పెడిగ్రీకి హాయిగా సరిపోతుంది కానీ జంతువులు ఇరవై దాటాయంటే ఏదో ఒక దారి కంటికి ఆనకుండా పోతుంది, లేదంటే ఒకే దారిని రెండుసార్లు లెక్కేసేస్తాం. అందుకే ఈసారి టేబుల్.

ఐదు జంతువులు తీసుకుందాం. 1 మగది, 2 ఆడది, ఈ రెండిటికీ చుట్టరికం లేదనుకుందాం. 3 వీటి కూతురు. 4 మగది, దాని తండ్రి కూడా 1 నే, తల్లి ఎవరో రికార్డులో లేదు. 3, 4 కలిస్తే పుట్టింది 5. పేపరు మీద ఐదు అడ్డం, ఐదు నిలువు గడులు గీసి నంబర్లు రాసుకోండి, ఒక్కో గడిలో ఆ రెండు జంతువుల మధ్య చుట్టరికం ఎంతో చెప్పే అంకె వస్తుంది, తల్లిదండ్రులు ఎప్పుడూ పిల్లల కంటే ముందే రావాలి, ఈ వరస తప్పితే కింద లెక్కంతా పోతుంది.

సూత్రం ఒక్కటే. రెండు జంతువుల్లో తర్వాత పుట్టినదాన్ని పట్టుకుని, దాని అమ్మతో నాన్నతో మొదటిదానికి ఉన్న అంకెలు కలిపి సగం చెయ్యాలి. తెలియని తల్లికి సున్నా. 1కి తనతో తనకి 1, 2తో 0, కాబట్టి 1–3 గడిలో 0.5. అలాగే 1–4 కూడా 0.5. 3–4 కావాలంటే 3కి 1తో ఉన్న 0.5లో సగం, 0.25.

ఇప్పుడు 3–5 దగ్గర కాస్త నిదానంగా చూడండి. 3కి తనతో 1, 4తో 0.25, కలిపి సగం చేస్తే 0.625. తల్లీబిడ్డలకి 0.5 ఉండాలిగా, ఎక్కువెందుకొచ్చింది అంటే 5కి నాన్న వైపు నుంచి వచ్చిన జీన్స్‌లో కూడా కొన్ని 1వి ఉన్నాయి, అవి 3 దగ్గరా ఉండొచ్చు. నేను మొదట్లో ఇక్కడే తప్పు చేశాను, 5ని వదిలేసి 3ని దాని అమ్మానాన్నలుగా విడగొట్టాను. 1–5 గడిలో 0.5, 2–5లో 0.25, కలిపి సగం 0.375 వచ్చింది. చూడ్డానికి నమ్మేలాగే ఉంది కానీ తప్పు, 3 నేరుగా 5కి ఇచ్చిన జీన్స్ అలా చేస్తే లెక్కలోంచి జారిపోతాయి. అందుకే ఎప్పుడూ చిన్నదాన్నే విడగొట్టాలి, పెద్దదాన్ని ముట్టుకోకూడదు.

మూల నుంచి మూలకి వెళ్ళే గడుల్లో, అంటే 5–5 లాంటివాటిలో, ఒకటి అనే అంకెకి ఆ జంతువు అమ్మానాన్నల మధ్య ఉన్న అంకెలో సగం కలపాలి. 3–4 మధ్య 0.25, కాబట్టి 5–5లో 1.125. ఆ పైన మిగిలిన 0.125 ఉంది చూశారూ, అదే 5 ఇన్‌బ్రీడింగ్ అంకె, అంటే చుట్టరికం ఉన్న అమ్మానాన్నలకి పుట్టడం వల్ల వచ్చేది. దారుల పద్ధతిలో 3 నుంచి 1 మీదుగా 4కి వెళ్తే రెండు అడుగులు, ఒకటి కలిపితే మూడు, సగాన్ని మూడుసార్లు గుణిస్తే అదే 0.125. రెండూ కలిశాయంటే టేబుల్ కరెక్టన్నమాట.

ఇంకోటి, కొన్ని సాఫ్ట్‌వేర్లు చుట్టరికాన్ని కిన్‌షిప్ అనే వేరే కొలతలో ఇస్తాయి, అది మన గడి అంకెలో సగం. 3–5కి 0.3125 కనపడితే కంగారు పడొద్దు.

ఇక మీ వంతు. 5 మగదనుకుని దాన్ని మళ్ళీ 3తో కలిపితే పుట్టే 6కి ఆరో వరస నింపండి. 6–6 గడిలో 1.3125 రావాలి, రాకపోతే ముందు 3–5 గడి చూసుకోండి.