చీలిక తెచ్చే ఎన్నికల ప్రసంగాన్ని పసిగట్టడం ఎలా

నిన్నటిదాకా ఉద్యోగాలు, ధరలు, ఆసుపత్రుల గురించి మాట్లాడిన నాయకుడు ఎన్నికలు దగ్గరపడగానే మతం, జాతి, భాష, వలసదారులు అంటూ ఎందుకు గొంతు పెంచుతాడో తెలియాలంటే, అతని ఆవేశాన్ని పక్కనపెట్టి ముందు అతని లెక్కను చూడాలి.

లక్షమంది ఓటర్లున్న ఒక నియోజకవర్గాన్ని కాగితం మీద వేసుకోండి. పోలింగ్ 60 శాతం జరిగితే పడేవి 60 వేల ఓట్లు. త్రిముఖ పోటీలో ఇద్దరికి చెరి 19 వేలు వస్తే మూడో అభ్యర్థి 22 వేలతో గెలుస్తాడు. అందరికంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారే గెలిచే పద్ధతిలో మిగిలిన 78 వేల మంది మెప్పు అతనికి అక్కరలేదు; తనవాళ్లు 22 వేల మంది ఆ రోజు ఇల్లు కదిలి వరుసలో నిలబడితే చాలు. రోడ్డు వేస్తానని ప్రత్యర్థి కూడా మాట ఇస్తాడు కాబట్టి ఆ హామీ ఇద్దరి మధ్య తేడా చూపదు, పైగా పదవీకాలం ముగిసేసరికి రోడ్డు పడిందో లేదో ఎవరైనా వెళ్లి చూడవచ్చు. ‘వాళ్ల వల్ల మనకు ముప్పు’ అన్న మాటకు నిధులు అక్కరలేదు, గడువు ఉండదు, ముప్పు రాకపోతే తానే ఆపానని చెప్పుకోవచ్చు.

ఇలాంటి గొడవలన్నీ తరతరాల పగలనుకోవడం పొరపాటు. చేవా, తుంబుకా అనే రెండు తెగలు ఆఫ్రికా దేశమైన మలావీలోనూ, పక్కనున్న జాంబియాలోనూ నివసిస్తాయి. మలావీలో అవి రాజకీయ ప్రత్యర్థులు, జాంబియాలో మిత్రులు. దీనిని పరిశీలించిన రాజనీతి శాస్త్రవేత్త డేనియల్ పోస్నర్ 2004లో చెప్పిన కారణం జనాభా: మలావీలో ఒక్కో తెగా అధికారం కోసం పోటీపడగలిగేంత పెద్దది, జాంబియాలో రెండూ చిన్నవే. సంస్కృతి ఒకటే అయినా, ఎక్కడ గీత గీస్తే ఓట్లు కూడతాయో అక్కడే గీత పడింది. ఆ గీతకు బలమైన కారణం కూడా అక్కరలేదని మనస్తత్వ శాస్త్రవేత్త హెన్రీ టాజ్‌ఫెల్ 1970ల తొలినాళ్లలో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్న సాకుతో బ్రిటన్‌లో బడి పిల్లలను రెండు గుంపులు చేసి డబ్బు పంచమంటే, కొంత తమ గుంపు లాభాన్ని వదులుకుని అయినా అవతలి గుంపుతో తేడా పెంచడానికే చాలాసార్లు మొగ్గుచూపారు.

ఇక మీరు చేయవలసిన పని. ఒక ప్రసంగాన్ని మొదటినుంచి చివరిదాకా విని, ‘నేను ఇది చేస్తాను’ అన్న వాక్యాలను ఒకవైపు, ‘వాళ్లు ఇలాంటివాళ్లు’ అన్న వాక్యాలను మరోవైపు రాసుకోండి. మొదటివైపు ఉన్నవాటిలో అంకె, గడువు, డబ్బు వచ్చే దారి చెప్పినవాటిని మాత్రమే ఉంచి మిగతావి కొట్టేయండి. కాగితం మీద మిగిలేది చూస్తే గుండె బరువెక్కుతుంది, అయినా ఈ పని చేసి తీరాలి. ఆ తరువాత, అదే నాయకుడు గత ఎన్నిక ముగిసిన మర్నాటినుంచి, ప్రసంగంలో చెప్పిన ఆ ముప్పు మీద చట్టసభలో ఎన్నిసార్లు మాట్లాడాడో వెతకండి. అధికారంలో ఉన్నన్నాళ్లూ ఊసెత్తని ముప్పు ప్రచారం మొదలవగానే నిద్రలేచిందంటే అనుమానించాల్సిందే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జనాన్ని చీల్చే ప్రతి అంశమూ ఎత్తుగడ కాదు. 1893లో న్యూజిలాండ్ మహిళలకు ఓటు హక్కు ఇవ్వకముందు ఆ డిమాండును గట్టిగా ఎదిరించినవారున్నారు; అంతమాత్రాన దానిని లేవనెత్తినవారిది తప్పనగలమా? తేడా ఎక్కడంటే, వారు ఒక నిర్దిష్టమైన చట్టం అడిగారు, అది రాగానే ఆ వివాదం తీరింది. ఓట్ల కోసం రాజేసిన చిచ్చుకు అలాంటి పరిష్కారం ఉండదు, ఎందుకంటే ఆరిపోతే మళ్లీ ఎన్నికకు పనికిరాదు. కాబట్టి ‘ఏం జరిగితే ఈ సమస్య తీరినట్టు?’ అని అడగడం అన్నింటికంటే ముఖ్యమని నా నమ్మకం.

ఓటు అడగడానికి వచ్చినవారిని ఈ ప్రశ్నే అడగండి. ఎదురుదాడికి దిగితే వాదన పెంచకుండా, మెల్లగా మరోసారి అదే అడిగి, వచ్చిన జవాబును తేదీతో సహా రాసుకోండి. వీలైతే, ఆ ప్రసంగంలో ‘వాళ్లు’ అనిపించుకున్నవారిలో మీకు తెలిసిన ఒకరికి ఆ కాగితం చూపి, అందులో నిజమెంతో పోలింగుకు ముందే అడిగి తెలుసుకోండి.