లాయరు లేకుండా ప్రైవేట్ లిమిటెడ్: ఫారం ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

అనంతపురంలో నేనూ మా బావమరిదీ గానుగ పల్లీనూనె వ్యాపారానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టుకున్నాం. అమ్మ పేర కూడా కొన్ని వాటాలు రాశాం. లాయరు జోలికి వెళ్ళలేదు. చట్టం తెలియక ఇబ్బంది పడింది తక్కువ, అక్షరాల దగ్గర పడింది ఎక్కువ. మీ ఫారం ఎక్కడ ఆగిందో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: పేరు తిప్పి పంపారు

కంపెనీ రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో నింపే స్పైస్ ప్లస్ ఫారం మొదటి భాగంలో రెండు పేర్లు ఇవ్వవచ్చు, రుసుము రూ.1,000. మేము ఇచ్చిన రెండూ పోయాయి. సంఖ్యాశాస్త్రం చెప్పే పెద్దమనిషి మాట విని మా బావమరిది కంపెనీ పేరులో ఇంకో 'ఏ' చేర్పించాడు. ఆ అక్షరంతో అదృష్టం సంగతేమో గానీ పేరు మాత్రం కొత్తది కాలేదు.

కారణం: ఇప్పటికే ఉన్న కంపెనీ పేరుతో పోల్చేటప్పుడు స్పెల్లింగు తేడాలు, ఏకవచనం బహువచనం, పదాల మధ్య ఖాళీలు, పదాల వరుస లెక్కలోకి రావు. వేరేవాళ్ళ పేరుకు ముందు ఊరి పేరు తగిలించినా అంతే.

పరిష్కారం: మీరే పుట్టించిన ఒక మాట, దాని పక్కన వ్యాపారం తెలిపే మాట పెట్టండి. కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లోనే కాదు, ట్రేడ్‌మార్క్ జాబితాలో కూడా వెతకండి. వంటనూనెలు 29వ తరగతిలో ఉంటాయి. ఫారం చూసేది హర్యానాలోని మానేసర్ కేంద్రం కాబట్టి దీనికోసం విజయవాడ రిజిస్ట్రార్ ఆఫీసుకు బస్సెక్కి లాభం లేదు. దొరికిన పేరు 20 రోజులే మీది. అందుకే కింద చెప్పే కాగితాలు ముందు సిద్ధం చేసుకుని, తర్వాత పేరు అడగండి. మేము చేసింది దానికి తలకిందులు.

సమస్య: డిజిటల్ సంతకం జారీ కావడం లేదు

దీన్ని డీఎస్‌సీ అంటారు. ఆ మాట ఇంట్లో అన్నప్పుడు మా నాన్న, "ఈ వయసులో టీచరు ఉద్యోగమా?" అని అడిగారు. డైరెక్టర్లకు ఉంటే చాలనుకున్నాం. కానీ ఆన్‌లైన్ మెమోరాండం, అంటే కంపెనీ స్థాపన పత్రం మీద వాటాదారులందరూ సంతకం చేయాలి కాబట్టి అమ్మకూ కావాలి.

అక్కడే చిక్కు పడింది. ఆధార్‌లో అమ్మ పేరుకు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరం, ఒక చుక్క. పాన్ కార్డు పొడి అక్షరాలను ఒప్పుకోదు కాబట్టి అందులో ఇంటిపేరు పూర్తిగా వచ్చింది, అదీ చివరికి వెళ్ళి కూర్చుంది. అమ్మకు ఇద్దరూ ఒకరే. కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు మనుషులు. పైగా ఓటీపీ వెళ్ళేది ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరుకు.

పరిష్కారం: పాన్‌ను కదిలించకండి, ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్చండి. తర్వాత జరిగే పనులన్నీ పాన్‌లోని పేరుతోనే. ఆధార్ కేంద్రానికి వెళ్ళినప్పుడే ఫోను నంబరు కూడా సరిచేయించండి. ఇక సంతకం చేశాక ఫారంలో ఒక్క అంకె మార్చినా మళ్ళీ డౌన్‌లోడ్ చేసి, అందరూ మళ్ళీ సంతకాలు చేయాల్సిందే.

సమస్య: ఆఫీసు చిరునామాకు ఆధారం చాలదన్నారు

కారణం: కరెంటు బిల్లు తాతగారి పేరు మీద ఉంది. తాతగారు లేరు. మన జిల్లాల్లో సగం ఇళ్ళ కథ ఇదే. బిల్లు రెండు నెలల లోపుదై ఉండాలి, ఇంటి యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి. లేని మనిషి ఎలా రాసిస్తారు?

పరిష్కారం: మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పెట్టి కరెంటు సర్వీసు పేరు మార్పించండి. అంత వ్యవధి లేకపోతే ఫారంలో ఉత్తరప్రత్యుత్తరాల చిరునామా మాత్రం ఇచ్చి, కంపెనీ ఏర్పడిన 30 రోజుల్లోపు ఐఎన్‌సీ-22 ఫారంతో అసలు ఆఫీసు చిరునామా తెలపవచ్చు. మేము ఈ దారే పట్టాం.

హిందూపురం, ధర్మవరం, కదిరి వాళ్ళకు ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది, పాత కాగితాల్లో ఇంకా అనంతపురం జిల్లానే ఉంటుంది. నంద్యాల వాళ్ళకు కర్నూలుతో అదే తంటా. కడప వాళ్ళ పాత దస్తావేజుల్లో ఇంగ్లీషు స్పెల్లింగే వేరు. అన్ని కాగితాల్లో ఒకే జిల్లా, ఒకే స్పెల్లింగు ఉండేలా చూసుకోండి.

సమస్య: అన్నీ నింపాక ఎవరిదో సంతకం అడుగుతోంది

కంపెనీల చట్టం, 2013లోని 7వ సెక్షన్ అది. ప్రాక్టీసులో ఉన్న అడ్వొకేటు, చార్టర్డ్ అకౌంటెంటు, కాస్ట్ అకౌంటెంటు, కంపెనీ సెక్రటరీలలో ఒకరి ధ్రువీకరణ ఉండాలి. దీన్ని దాటే దారి లేదు. కాగితాలన్నీ మీరే సిద్ధం చేసి, పరిశీలన, సంతకం వరకే రుసుము మాట్లాడుకోండి. చూడకుండా సంతకం పెట్టేవాళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అధీకృత మూలధనం, అంటే కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ విలువ, రూ.15 లక్షల వరకు రిజిస్ట్రేషన్ రుసుము లేదు, స్టాంపు సుంకం మాత్రం ఉంటుంది.

సమస్య: సర్టిఫికెట్ వచ్చింది, అయినా వ్యాపారం మొదలుపెట్టకూడదంటున్నారు

వాటాల డబ్బు కంపెనీ ఖాతాలో పడిందని 180 రోజుల్లోపు ఐఎన్‌సీ-20ఏ ఫారంలో చెప్పాలి. మరిస్తే కంపెనీకి రూ.50,000 జరిమానా, డైరెక్టర్లకు వేరే. మొదటి ఆడిటర్‌ను 30 రోజుల్లోనే నియమించాలి. నేను అమ్మ వాటా డబ్బు కూడా కలిపి నగదుగా కట్టేశాను. ఎవరి వాటా ఎవరు కట్టారో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తెలియడం లేదని మా సీఏ సంతకం పెట్టలేదు. మళ్ళీ అమ్మ ఖాతా నుంచి విడిగా పంపాం.

చివరగా బోర్డు. ఆఫీసు బయట కంపెనీ పేరు, చిరునామా స్థానిక లిపిలో కూడా ఉండాలని అదే చట్టంలోని 12వ సెక్షన్ చెబుతుంది. పెయింటరు 'లిమిటెడ్'ను 'లిమిటేడ్' అని రాశాడు. రంగు ఆరకముందే తుడిపించి, నిచ్చెన కింద నిలబడి ఒక్కో అక్షరం నేనే చెప్పి రాయించాను.