రాకన్‌రోల్ మాటలు విందాం – 4: ‘ఒకటి’ ఎక్కడ పడుతుంది?

పోయిన పాఠంలో ఎల్విస్ ప్రెస్లీ 1956లో పాడిన ‘హౌండ్ డాగ్’ విని, ఒక్కో చరణానికి బార్లు (తాళంలో ఆవర్తాల్లాంటి ముక్కలు) లెక్కపెట్టమన్నాను. పన్నెండు రావాలి. పదకొండు అన్నవాళ్లున్నారు, పదమూడు అన్నవాళ్లున్నారు, ఒకరికైతే పదకొండున్నర వచ్చింది. కాబట్టి ఈసారి అనుకున్న రాకన్‌రోల్ గాయకుడు చక్ బెర్రీ పాఠం సగానికి సగం తగ్గింది.

బార్‌కి నాలుగు బీట్లు (తాళం దెబ్బలు), వాటిలో మొదటిదే ‘ఒకటి’; వరుసకి నాలుగు బార్లు, చరణానికి మూడు వరుసలు. ఇది మళ్లీ చెప్పను.

చాలామంది తడబడింది ఒక్కచోటే. ‘యు ఎయింట్ నథింగ్ బట్ ఎ హౌండ్ డాగ్’లో ‘యు’ అని వినపడగానే ‘ఒకటి’ అనేశారు. ఆ మొదటి మాటలు ఎల్విస్ ఒక్కడే పాడతాడు, వెనక వాయిద్యం ఉండదు. ‘హౌండ్’ దగ్గర డ్రమ్స్, గిటార్, బేస్ (మంద్ర స్వరాల వాయిద్యం) అన్నీ కలిసి పడతాయి. ‘ఒకటి’ అక్కడ. ముందు మాటలు లెక్కలోకి రావు. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకి అతీత గ్రహం (తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడం) అంటే చాలు. మిగతావాళ్లు బిల్ హేలీ ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ పెట్టుకోండి. మొదట్లో గంటలు లెక్కపెట్టే భాగం వదిలేయండి. చరణం ఎత్తుకునేటప్పుడు ‘పుట్ యువర్’ ముందే జారిపోతుంది, ‘గ్లాడ్’ మీద ‘ఒకటి’. తర్వాత ‘వుయ్‌ల్ హావ్ సమ్’ కూడా ముందే, ‘ఫన్’ మీద దెబ్బ. ఆ తర్వాత ‘రాక్’ మీద. మూడుసార్లూ అదే కథ.

అచ్చేసిన సాహిత్యం ముందు పెట్టుకుని లెక్కపెట్టకండి, దయచేసి. కాగితం మీద వరుస మొదటి మాటతో మొదలవుతుంది. తాళానికి ఆ పట్టింపు లేదు. నేనైతే గాయకుణ్ణి అసలు పట్టించుకోను, బేస్ ఒక్కటే వింటాను.

ఇంకోటి, వరుస చివర ఖాళీ. ‘హౌండ్ డాగ్’నే ఎల్విస్ కంటే ముందు, 1952లో బిగ్ మామా థార్న్‌టన్ రికార్డు చేసింది. నాకు అదే ఇష్టం. ఆమె ఆగినచోటల్లా గిటార్ జవాబు చెబుతుంది. ఆ ఖాళీ కూడా బార్లలో భాగమే.

ఇక బెర్రీ. 1958 నాటి ‘జానీ బి. గుడ్’ చరణంలో ఖాళీ దాదాపు ఉండదు, మాటలు కిక్కిరిసి ఉంటాయి. ‘గో గో’ అనే పల్లవికి వచ్చాకే గిటార్‌కి చోటు. అయినా రెండూ పన్నెండు బార్లే. బెర్రీ మొదట ‘కలర్డ్ బాయ్’ (నల్లజాతి కుర్రాడు) అని రాసి, రేడియోలో పాట రావాలని ‘కంట్రీ బాయ్’ చేశాడు. రెండూ పలికి చూడండి: నొక్కి పలికేది ఒకేచోట, పొడవు ఒకటే. అందుకే దరువు చెక్కుచెదరలేదు.

సాధన: ‘బ్లూ స్వేడ్ షూస్’ను కార్ల్ పెర్కిన్స్, ఎల్విస్ ఇద్దరి రికార్డుల్లోనూ విని, మొత్తం పాటలో ప్రతి ‘ఒకటి’ పడిన మాట కింద గీత గీయండి. పెర్కిన్స్ మొదట్లో మాటకీ మాటకీ మధ్య బీట్లు ఎక్కువ తీసుకుంటాడు, ఎల్విస్ వాటిని తీసేశాడు. ఆ అదనపు బీట్లు ఎన్నో రాసి పంపండి.