వోర్ట్ మరిగించే ముందు చూసుకోవాల్సినవి

ఇంట్లో బీర్ కాయబోతుంటే, వోర్ట్‌ను (మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తీపి ద్రవం; ఇదే పులిసి బీర్ అవుతుంది) మరిగించడానికి పొయ్యి వెలిగించకముందే ఇవి సరిచూసుకోండి.

• పెద్ద గ్యాస్ బర్నర్ మూసిన గదిలో వద్దే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

• పాత్రలో కనీసం పావు వంతు ఖాళీ ఉంచండి. వోర్ట్ మొదటిసారి మరుగు పట్టగానే ప్రోటీన్ల నురగ ఒక్కసారిగా పైకి లేస్తుంది. చక్కెర ద్రవం కదా, ఒంటికి అంటుకుని కాలుస్తుంది. ఆ కాసేపు పక్కనుంచి కదలకండి. హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పూలు) వేసేటప్పుడు మళ్లీ పొంగవచ్చు, మంట తగ్గించి కొద్దికొద్దిగా వేయండి.

• మూత పెట్టొద్దు. వోర్ట్‌లో ఏర్పడే డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక పదార్థం ఆవిరితో పోవాలి, లేకపోతే బీర్‌కి ఉడికిన మొక్కజొన్న వాసన వస్తుంది. లేత రంగు పిల్స్‌నర్ రకం మాల్ట్‌తో ఈ బెడద ఎక్కువ.

• ఎంత ఆవిరవుతుందో ముందే తెలుసుకోండి. అదే పాత్రలో, అదే మంట మీద ఉత్త నీళ్లు గంటసేపు మరిగించి కొలవండి. ఇది ముఖ్యంగా పాత్ర వెడల్పు, మంటను బట్టి ఉంటుంది. అందుకే శాతాల్లో కాకుండా గంటకు ఇన్ని లీటర్లని రాసుకోవడమే మేలు. గ్రావిటీ (నీటితో పోలిస్తే వోర్ట్ సాంద్రత) 1.040 ఉన్న 25 లీటర్లు 20కి తగ్గితే అది 1.050 అవుతుంది. మరిగే వోర్ట్ పరిమాణం చల్లారాక దాదాపు 4 శాతం తగ్గుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

• మంట మరీ పెంచొద్దు. పైభాగం ఆగకుండా కదులుతుంటే చాలు. అంతకు మించితే రంగు ముదురుతుంది, గ్యాస్ దండగ.

• పరిమాణం ఎక్కువనిపిస్తే హాప్స్ వేయకముందే ఇంకాసేపు మరిగించండి. వేశాక సమయం పెంచితే చేదు కూడా పెరుగుతుంది.