కూలెంట్ మార్చాక హీటర్ ఆన్ చేయండి

థార్, బొలెరో లాంటి డీజిల్ బండితో తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో తిరిగేవాళ్లు ఎండలు ముదరకముందే రేడియేటర్ చూసుకోండి. చాలామంది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చి వదిలేస్తారు. అసలు దుమ్ము ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో పేరుకుంటుంది, ముందు నుంచి చూస్తే కనబడదు. పత్తి లారీల వెనక వెళ్తే దూది పీచు కూడా అక్కడే చిక్కుతుంది. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కొట్టాలి. గట్టిగా కొడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి ఆడదు.

డబ్బా మీద రెడీ మిక్స్ అని లేకపోతే కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. బోరు నీళ్లు వద్దే వద్దు. బిందెకు పట్టే తెల్లటి పొరే లోపల గొట్టాలకూ పడుతుంది.

నింపాక ఇంజన్ స్టార్ట్ చేసి హీటర్‌ను ఫుల్ హాట్‌లో పెట్టండి. లోపల ఇరుక్కున్న గాలి బయటికొస్తుంది. రేడియేటర్ పై గొట్టం వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే వాల్వ్) తెరుచుకున్నట్టే. ఇంజన్ పూర్తిగా చల్లారాక లెవెల్ చూసి, తగ్గినంత పోయండి. ఒకసారి నేను ఈ పని చేయలేదు. ములుగు దాటగానే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, పిల్లలతో రోడ్డు పక్కన గంటసేపు టెన్షన్.

పాత కూలెంట్‌ను నేల మీద పారబోయకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.