పాత రేకు డబ్బాకు చింతపండు పెట్టకండి

చిత్తూరులో మా తాతకు చిల్లర అంగడి ఉండేది. 1952లో మిఠాయి బిళ్ళలు చేసే న్యూట్రిన్ కంపెనీ పుట్టింది మా ఊళ్ళోనే కాబట్టి, బిళ్ళల డబ్బాలకు ఇంట్లో కరువు లేదు. ఖాళీ అయిన వాటిలో అవ్వ ఎండుమిరపకాయలు పోసేది. ఇంగువ డబ్బాల్లో గుండుసూదులు, మందుబిళ్ళలు. అంగడి మూశాక అటక మీద దొరికిన పదకొండు డబ్బాలతో నా సేకరణ మొదలైంది.

అన్నిటికంటే ముందు శుభ్రం చేయడం గురించి చెప్పాలి. ఇత్తడి చెంబును తోమినట్టు ఒక డబ్బాను చింతపండు, పీచుతో తోమాను. మూత మీది నెమలి సగం లేచిపోయింది. ఇప్పటికీ చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. లోపల ఉన్నది ఉక్కు రేకు, దాని మీద పలచటి తగరం పూత, ఆపైన రంగుల అచ్చు. పీచు రంగును గీకేస్తుంది, గీత పడ్డచోట పులుపు పూతను తింటుంది, ఆ తర్వాత తుప్పు. అందుకే ముందు మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, గుడ్డను గట్టిగా పిండి, అడుగున ఒక మూల తుడిచి చూడండి. గుడ్డకు రంగు అంటితే అక్కడితో ఆపేయండి. వెంటనే పొడిగుడ్డతో తుడిచి, మూత తీసి ఫ్యాను కింద ఆరబెట్టండి. ఎండలో వద్దు, రంగు వెలిసిపోతుంది. ఇంగువ వాసన పోవాలంటే నలిపిన పేపరు కుక్కి పెట్టొచ్చు. నాకైతే ఆ వాసన ఉండాలి.

డబ్బా వయసు చిన్న అక్షరాల్లో ఉంటుంది. బరువు పౌండ్లు, ఔన్సుల్లో ఉంటే దాదాపు 1960ల మొదటికి ముందుది. ధర నయాపైసల్లో ఉంటే 1957, 1964 మధ్యది. పిన్‌కోడ్ 1972 ఆగస్టులో వచ్చింది, మద్రాసు 1996లో చెన్నై అయింది. కాబట్టి పిన్‌కోడ్‌తో పాటు మద్రాసు అని ఉంటే ఆ మధ్య కాలానిదని అనుకోవచ్చు. పాత అచ్చును కొన్నేళ్ళు అలాగే వాడేవాళ్ళూ ఉంటారు, అందుకని ఒక్క గుర్తునే నమ్మకండి. పాత డిజైన్‌తో కొత్తగా చేసినవీ వస్తున్నాయి, అడుగున బార్‌కోడ్ ఉందేమో చూడండి.

తిరుపతి, చిత్తూరు పాత ఇనుము అంగళ్ళలో తూకానికే ఇస్తారు, కానీ అక్కడికి చేరేసరికి సొట్టలు పడిపోయి ఉంటాయి. మంచివి ఇళ్ళల్లోనే ఉన్నాయి. భోగికి ముందు ఇల్లు దులిపే వారంలో బంధువుల ఇళ్ళకు వెళ్ళండి. నేను కొత్త స్టీలు డబ్బా తీసుకెళ్ళి, "పెద్దమ్మా, ఇది పెట్టుకో, ఆ పాతది నాకియ్యి" అని అడుగుతాను. ఇంతవరకు కాదన్నవాళ్ళు లేరు.

తెచ్చాక తినే వస్తువులు మాత్రం పోయకండి, పాత రంగుల్లో, అతుకుల్లో సీసం ఉండొచ్చు. నేను ప్రతి డబ్బాలో ఒక చీటీ వేస్తాను. నిన్న వేసింది ఇదీ: "పుత్తూరు, పెద్దమ్మ ఇల్లు. మిరియాలు పోసేది. అడుగున రెండు గింజలున్నాయి, తీయలేదు."